సూపర్‌వైజర్ భార్య

“గా వాసన గీడిదాక అస్తుంది. తలుపు జర దగ్గరికెయ్యరాదు?” ముందు గదిలోంచి మా ఆయన అన్నాడు.

నేను అప్పుడు మా అత్త వజ్రమ్మ కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పుతున్నాను. షుగరు పుండు. ఒక వేలు ఎప్పుడో తీసేశారు, ఇప్పుడు మడమ దగ్గర మళ్లీ లేచింది. పాత గుడ్డ చర్మానికి అంటుకుపోయి ఉంటే గోరువెచ్చని నీళ్లు చుక్కచుక్కగా పోసి, నానబెట్టి, మెల్లగా తీయాలి. తొందరపడి లాగితే ఆమె అరుపు వీధి చివరిదాకా వినబడుతుంది. లేచి తలుపు వేయడానికి నా చేతులు ఖాళీగా లేవు. ఆయనే వచ్చి, గడప అవతల నిలబడి, లోపలికి చూడకుండా తలుపు లాగేసి, మళ్లీ టీవీ ముందు కూర్చున్నాడు.

“వానికి చిన్నప్పటి సంది గింతే బిడ్డా. పుండ్లు, నెత్తురు జూస్తే కండ్లు తిరుగుతయ్,” అంది అత్త, కొడుకు తరఫున.

నమ్మాను. ఆ ఇంట్లో పదేళ్లుగా చెప్పినవన్నీ నమ్మినట్టే దీన్ని కూడా నమ్మాను.

మా ఆయన పేరు జలపతి. కువైట్‌లో సూపర్‌వైజర్. కరోనా తగ్గిన ఏడాది, కంపెనీ బంద్ అయిందని చెప్పి సూట్‌కేసులతో కోరుట్లకు వచ్చేశాడు. వచ్చినప్పటి నుంచీ ముందు గదిలో కుర్చీ ఆయనది. ఆ కుర్చీలోంచే ఇల్లంతా నడుస్తుంది. నీళ్లు, చాయ్, రిమోటు, తువాల. సూపర్‌వైజర్ అంటే ఇదే కాబోలు అనుకునేదాన్ని. కూర్చుని చెప్పేవాడు.

ఆ మాట చూసే మా బాపు నన్ను ఆయనకిచ్చాడు.

మాది తంగళ్ళపల్లి అవతల ఒక ఊరు. బాపు పేరు ఓదెలు, కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. మోకు తాడు రాసుకుని రాసుకుని నడుము చుట్టూ చర్మం గేదె తోలులా మొద్దుబారి ఉండేది. మా అవ్వ బీడీలు చుట్టేది. వాళ్లిద్దరి చేతుల మీద నేను సిరిసిల్లలో బీఎస్సీ లెక్కలు చదివాను, కరీంనగర్‌లో బీఈడీ చేశాను. చదువు అయ్యీ అవగానే సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడిలో చేరి ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెప్పాను. నేను బోర్డు వైపు తిరిగితే వెనక చప్పుడు ఉండేది కాదు. అది నా జీవితంలో ఒకే ఒక్క ఏడాది. స్టాఫ్‌రూమ్‌లో సోషల్ సారు అప్పుడప్పుడు, “టీచరమ్మా, మీ బాపును రేపు ఒక లొట్టి కల్లు పంపుమనరాదు” అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే రోషం ఎక్కువ అంటారని. అదే గదిలో దొరల ఇంటి నుంచి వచ్చిన ఒక టీచరుండేది. ఆమె వాళ్ల నాన్న ఏం చేస్తాడని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేకుండా అందరికీ తెలుసు, తెలిసినందుకే ఆమెకు కుర్చీ జరిపేవాళ్లు.

పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడు ఇద్దరు మిగిలారు. ఒకతను ఎమ్మే చదివి వేములవాడ బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం పెట్టుకున్నాడు. వాళ్ల బాపు ఇంకా తాళ్లెక్కుతున్నాడు. రెండో అతను జలపతి, పదో తరగతి తప్పాడు.

“చదువుకున్నోడేమో కాయితాలు తీస్తుండు. చదువురానోడు కువైట్‌ల పదిమందితోని పని జేపిస్తుండు. నువ్వే జెప్పు బిడ్డా, ఎవడు పెద్దోడు?” అన్నాడు బాపు. నన్ను అడిగినట్టే అన్నాడు కానీ, అప్పటికే అవ్వ చీరలు చూస్తోంది. బాపు ముఖంలో అంత వెలుగు నేను డిగ్రీ పాసైన రోజు కూడా చూడలేదు. పెళ్లిలో నన్ను పరిచయం చేసిన ప్రతి ఒక్కరూ “సూపర్‌వైజర్ పెండ్లాం” అన్నారు. నా బీఎస్సీ ముచ్చట ఎవరి నోటా రాలేదు.

పెళ్లైన నెలకు కోరుట్లలోనే ఒక బడిలో అడిగి వస్తానన్నాను. అప్పుడాయన తిరుగు ప్రయాణానికి బట్టలు సర్దుకుంటున్నాడు. ఒక్కో చొక్కా మడతా గీత గీసినట్టుంది. “సూపర్‌వైజర్ పెండ్లాం ప్రైవేటు బడిల చాక్‌పీసులు అరగదీసుడేంది? నేను సంపాయిస్తలేనా? నలుగురు నవ్వరా?” అన్నాడు. సరే అన్నాను. తర్వాత మామ పక్షవాతంతో మంచం పట్టాడు. మామ పోయాక అత్త కాలు మొదలైంది. మధ్యలో పాప పుట్టింది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలకు చాయ్ నేనే, గోడలు తడపడం నేనే, ఇసుక లారీ వస్తే ఎండలో నిలబడిందీ నేనే. ఆయన ఫోన్ చేసి “ఏం జేస్తున్నవ్?” అంటే “ఏం లేదు, ఊకెనే ఉన్న” అనేదాన్ని. ఒకసారి ఆయన ఎవరితోనో అంటుంటే ఫోన్‌లో వినబడింది. “మా ఇంటామె ఏం జెయ్యది, ఇంట్లనే ఉంటది.” అబద్ధం అనిపించలేదు. నా నోటితో నేను చెప్పిందే కదా ఆయన చెప్పింది.

సెలవు మీద వచ్చినప్పుడు మాత్రం ఆయన నాలుకకు తెలియని రుచి ఉండేది కాదు. “నూనె కాగకముందే జిలకర ఏసినవ్ గదా?” అనేవాడు ఒక్క ముద్దకే. “గీ అన్నం ఇంకో రెండు నిమిషాలు మూతపెట్టి ఇడ్వాలె.” ఇస్త్రీ చేసిన చొక్కా కాలరు తిప్పి చూసి పెదవి విరిచేవాడు. ఇవన్నీ నీకెట్ల తెలుసని అడిగితే, “మెస్సుల తిని తిని తెల్వదా?” అని కసురుకునేవాడు. పదిమందితో పని చేయించే మనిషికి అన్నీ తెలియాలేమో అనుకుని ఊరుకున్నాను.

ఈసారి వచ్చాక ఆయన ఏ పనికీ పోలేదు. ఇక్కడ దుకాణంలో నిలబడటం, ఆటో నడపడం తన స్థాయికి తక్కువ. జగిత్యాలలో ఏజెంటు చుట్టూ తిరుగుతున్నానన్నాడు. ఇల్లు గడవడం కష్టమైంది. పాపను బడి మాన్పించి ఫీజు తక్కువున్న ఇంకో బడిలో వేద్దామా అనే మాట వచ్చిన రోజు నేను చీర మార్చుకుని, సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని కరుణాకర్ రావు సారు బడికి పోయాను.

ఆ బడి వాళ్ల ఇంటి వెనకే. ముసలివాళ్లు ఇప్పటికీ ఆయన్ని దొర అనే అంటారు. ప్రిన్సిపాల్ గదిలో పెద్ద కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ నిఖిత మేడం పక్కన చిన్న కుర్చీలో కూర్చుంది. ఆమె ఆయన కోడలు. నాకంటే చిన్నది, పెళ్లయ్యాక డిగ్రీ కట్టింది. నేను నమస్తే పెడితే నవ్వింది కానీ మామ మాట్లాడుతున్నంతసేపూ నోరు తెరవలేదు.

“లెక్కలు, బీఈడీ. మంచిదే. మధ్యల పదేండ్లు ఏం చేసినవమ్మా?”

“ఇంట్లనే ఉన్న సార్.”

“అంటే గ్యాప్ అన్నట్టు. ఎప్పుడో చెప్పిన ఒక్క ఏడాది ఎక్స్‌పీరియన్స్ కింద రాదు.” ఆయన నా కాగితాలు పక్కన పెట్టాడు. “ఎవలోళ్లు మీరు?”

“గౌండ్లోళ్లం సార్.”

“అట్లనా! మీ బాపు ఇంక ఎక్కుతడా? మంచిది, మంచిది. గౌండ్లోళ్లు గూడ ఇప్పుడు మంచిగ చదువుకుంటున్నరు.” మెచ్చుకోలుగానే అన్నాడు. నేను తల ఊపాను. “పెద్ద క్లాసులకు రాజు సారున్నడు. గాయనకు బీఈడీ లేదనుకో, గని మగమనిషి, పిల్లలు భయపడ్తరు. నీకు ఒకటి, రెండు తరగతులిస్త. చిన్న పిల్లల సంగతి ఆడోళ్లకు ఒకలు నేర్పాల్నా? వచ్చే నెల మూడో సోమవారం రా.”

నేను లేస్తుంటే నిఖిత మేడం నా కాగితాలు ఏరి, వరసగా సర్ది, రెండు చేతులతో ఇచ్చింది. ఆ గదిలో ఆమెకున్న అధికారం బహుశా అంతే.

ఇంటికొచ్చి చెప్పాను. జలపతి టీవీ ఆపాడు.

“నా ఇజ్జత్ తీస్తవా? మొగడు ఇంట్ల కూసుంటే పెండ్లాం కొలువుకు పోతుందని ఊరంత అనుకోవాల్నా? అవ్వను ఎవలు జూస్తరు?”

“నువ్వు ఇంట్లనే ఉన్నవ్ గదా,” అన్నాను.

నేనేదో బూతు మాట అన్నట్టు చూశాడు. “నేనా? మగోన్ని పట్టుకొని గిన్నెలు కడుగుమంటున్నవా? పుండు కడుగుమంటున్నవా?” అన్నాడు. కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. పక్కనున్న చాయ్ గ్లాసు నేనే తీసుకెళ్లి కడిగాను.

ఆ ఆదివారం సాంబయ్య వచ్చాడు. జలపతి ఏజెంటు దగ్గరికి జగిత్యాల పోయి ఉన్నాడు. సాంబయ్యది మెట్‌పల్లి పక్క ఊరు. కువైట్‌లో జలపతి అన్నా, తనూ ఒక్క దగ్గరే పనిచేశామని, సెలవు మీద వచ్చానని చెప్పి ఖర్జూరాల డబ్బా నా చేతికిచ్చాడు. కల్లాకపటం లేని మనిషి. లోపలికి వచ్చి అత్త మంచం పక్కన కింద కూర్చున్నాడు. నేను అప్పుడే కట్టు మారుస్తున్నాను. సాంబయ్య ముక్కు మూసుకోలేదు, ముఖం తిప్పుకోలేదు.

“అవ్వా, నొప్పి లేస్తుందా? వదినె, అన్ననడిగి కట్టిపియ్యరాదు? అన్న చేతిల మందున్నది. గాడ మామాకు గూడ గిట్లనే పుండు. అన్న తప్ప ఇంకొకలను ముట్టనియ్యకపోయేది.”

“మామా ఎవలు?” అన్నాను.

“మా కఫీల్ తల్లి, వదినె. షేటు తల్లి. ముసల్ది. నేను గా ఇంట్ల కారు తోలుత, అన్న ఇంటిపని. ఎరుకే గదా?” అని నా ముఖం చూడకుండా చెప్పుకుపోయాడు. “పొద్దుగాల లేస్తే రొట్టెలు, పిల్లలకు టిఫిన్లు, దినాం గంపెడు బట్టలు ఇస్త్రీ. అన్న జేసిన కోడి అన్నం కోసం కఫీల్ అన్నదమ్ములు గూడ అస్తుండిరి. పదేండ్లు గా ఇంటిని అన్ననే నడిపిండనుకో. ముసల్ది చచ్చిపోంగనే ఇగ మనిషి అక్కెర లేదని తోలిచ్చిండ్రు, లేకుంటే తోలకపోవుదురు. ఇప్పుడు కఫీల్ చెల్లె అడుగుతుంది. గామె అత్తకు మంచంలనే అన్నీ. కొత్తోళ్లు వద్దట. జలపతికైతే పదేండ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నది, గాయన్నే పంపుమంటుంది. గది చెప్పిపోదామనే అచ్చిన.”

నా చేతిలో కట్టు సగం చుట్టి ఉంది. మిగతా సగం ఎలా చుట్టానో నాకు తెలియదు. నాకు ముందు కోపం రాలేదు. ముందు వచ్చింది వేరే. పొద్దున్నే లేచి రొట్టెలు, టిఫిన్లు, గంపెడు బట్టలు, ముసలామె కాలు. సాంబయ్య చెబుతున్నది నా రోజు. ఒక్క పని తేడా లేదు. సముద్రానికి అటు ఆయన, ఇటు నేను, ఒకే వేళకు లేచి ఒకే పని చేశాం. ఆయన పదేళ్లు ఎక్స్‌పీరియన్స్. నా పదేళ్లు గ్యాప్. ఆయన పదేళ్ల కోసం విమానం టికెట్టు కొని పంపుతామంటున్నారు. నా పదేళ్లను కరుణాకర్ రావు సారు వేలితో పక్కకు జరిపాడు. సిరిసిల్లలో తొమ్మిదో తరగతి లెక్కలు చెప్పినదాన్ని ఒకటో తరగతికి దించిన పదేళ్లు అవి. ఇదంతా ఎవరి కోసం? సూపర్‌వైజర్ అనే ఒక్క మాట నిలబడటం కోసం. ఆ మాట కూడా ఉత్తదే.

చెప్పుల చప్పుడైంది. జలపతి లోపలికి వచ్చి సాంబయ్యను చూసి నవ్వబోయాడు. తర్వాత తల్లి ముఖం, నా ముఖం చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. సాంబయ్యకు అప్పుడర్థమైంది. “అన్నా, మల్లొస్త” అని బైకెక్కి వెళ్లిపోయాడు.

అత్త దిండుకు ఆనుకుని కొడుకునే చూస్తోంది.

“కొడుకా, గా ముసల్దాని కాలు కడిగినవా?”

ఆయన నేల చూపులు చూస్తూ, “కడిగిన,” అన్నాడు.

“కండ్లు తిరుగలేదా?”

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“నాది ఒక్కనాడన్న ముట్టినవా? నేనే గదా నిన్ను కన్నది?” అత్త గొంతు పెంచలేదు. నెమ్మదిగా, తెలుసుకుందామన్నట్టే అడిగింది. ఆయన గోడకు జారగిలబడి కూర్చున్నాడు. కుర్చీలో కాదు, కింద.

“గాడ అది పని అవ్వా. గిది ఇల్లు,” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “పోయినప్పుడు నిజంగనే కంపెనీ అన్నరు. దిగినంక ఇంట్ల పడేసిండ్రు. గప్పటికే గీడ సూపర్‌వైజర్ అని చెప్పినం. నేనేమని చెప్పాలె? ఆడోళ్ల పని జేస్తున్నా అని జెప్పాల్నా? మొదటి దినం గా కాలు కడిగి బయటికి పోయి కక్కుకున్న. ఎవలకు జెప్పుకోవాలె?”

“నేను గూడ కక్కుకున్న,” అన్నాను. “నీకు ఫోన్‌ల జెప్పిన. ‘గదంత ఆడోళ్లకు అలవాటైతదిలే’ అన్నవ్. యాదికున్నదా?”

ఆయనకు గుర్తుంది. ముఖం చూస్తే తెలిసింది. ఆ మాట అన్నప్పుడు ఆయన ఆ ముసలామె మంచం పక్కనే ఉన్నాడేమో. తన చేతులు కూడా మందు వాసన కొడుతున్నాయేమో. ఈ లోకంలో నా చేతుల నొప్పి తెలిసిన మగవాడు ఒక్కడుంటే అది నా మొగుడే. ఆ ఒక్కడూ కుర్చీలో కూర్చుని, వాసన వస్తోంది తలుపు వేయమన్నాడు. నాకు ఆయన మీద జాలి కలిగింది, అబద్ధం ఎందుకు? కానీ ఆ జాలి నా కోపాన్ని తగ్గించలేదు. ఇంకాస్త పెంచింది. తెలియనివాడు చేయకపోతే ఒక లెక్క. ఈయనకు అన్నీ తెలుసు.

మర్నాడు నేను అడగకుండానే ఆయన అత్త కాలు పట్టుకున్నాడు. ముందు వీధి తలుపుకు గొళ్లెం పెట్టాడు, కిటికీ మూశాడు. నేను పక్కన నిలబడి చూశాను. ఎంత మెత్తగా విప్పాడో! అత్త ఒక్కసారి కూడా మూలగలేదు. కొడుకు తల మీద చెయ్యి వేసి నిమురుతూ ఉండిపోయింది. ఆ రోజు కూర కూడా ఆయనే వండాడు. ఇంట్లో అంత మంచి వంట మేమెన్నడూ తినలేదు. పాప రెండుసార్లు పెట్టించుకుంది. ఇంతలో బయటి నుంచి ఎవరో గొళ్లెం చప్పుడు చేశారు. ఆయన గరిట నా చేతిలో పెట్టి, ఒక్క అంగలో ముందు గదికి పోయి కుర్చీలో కూర్చుని, “సృజనా, ఎవలో అచ్చిండ్రు, నీళ్లు తే!” అని కేకేశాడు.

తలుపు తీస్తే ఎదురింటి సారక్క, పెరుగు తోడు కోసం. వంటింట్లోకి తొంగి చూసి, “ఏం వండినవే, గింత వాసనొస్తుంది?” అని నన్ను మెచ్చుకుంది. ఆయన టీవీ వైపు చూస్తూ ఉన్నాడు. నేను గరిట పట్టుకుని నిలబడ్డాను. నా వంటను పదేళ్లలో ఎవరూ మెచ్చలేదు. మెచ్చిన ఒక్కసారీ అది నా వంట కాదు.

మూడు నాలుగు రోజులు అలా తలుపులు మూసి నడిచింది. చాయ్ కప్పు పట్టుకున్నా ఆయన చెవి వీధి మీదే. ఇలాగే కొంచెం కొంచెంగా అలవాటవుతుందేమో అని నేను ఆశపడ్డాను. బడికి పోయే ముందు కట్టు నేను కడతాను, మధ్యాహ్నం నువ్వు చూడు అని చెప్పాను. ఆయన విన్నాడు. ఐదో రోజు సాంబయ్యకు ఫోన్ చేసి కువైట్ పోతానని చెప్పాడు.

“గీడనే ఉండరాదు? అవ్వ నీ చేతికి అలవాటు పడుతుంది,” అన్నాను.

“గీడ నావల్ల గాదు సృజనా,” అన్నాడు. కోపంగా కాదు, అలసిపోయినట్టు. “గాడ నన్నెవలు జూస్తరు?”

తన తల్లి కాలు నలుగురి ముందు కడగడం కంటే సముద్రం దాటి పరాయి తల్లి కాలు కడగడం ఆయనకు తేలిక. ఆ రాత్రి నేనిక అడగలేదు. “ఎవలన్న అడిగితే కొత్త కంపెనీ అని జెప్పు,” అన్నాడు. దానికీ జవాబు చెప్పలేదు. పదేళ్లుగా నా మౌనం అంటే సరేనని ఆయనకు లెక్క.

కాగితాలు తొందరగానే వచ్చాయి. హైదరాబాద్ పోవడానికి కారు వచ్చిన పొద్దున, నేను బడిలో చేరాల్సిన సోమవారం ఒక్కటే అయ్యాయి. వాకిట్లో వీధి సగం చేరింది. బాపు కూడా తంగళ్ళపల్లి నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. అల్లుడి సూట్‌కేసు తనే ఎత్తి కారులో పెట్టాడు. మోకాళ్ల నొప్పులతో తాళ్లెక్కడం మానేసినా బాపు నడుము ఇంకా వంగలేదు. నేను అత్తకు కట్టు మార్చి, మధ్యాహ్నం బెల్లుకు వచ్చి చూస్తానని చెప్పి, బడి చీర కట్టుకుని, సంచి భుజానికేసుకుని, పాప చెయ్యి పట్టుకుని గడపలో నిలబడ్డాను. లోపల మంచం మీంచి అత్త, “పైలంగ పో కొడుకా” అంటోంది.

“మల్ల సూపర్‌వైజరేనా జలపతీ?” అంది సారక్క అందరికీ వినబడేలా.

ఆయన “ఆఁ” అని, అలవాటు ప్రకారం నా వైపు చూశాడు. నేను తల ఊపితే అయిపోతుంది. బాపు కూడా నన్నే చూస్తున్నాడు, ఆ వెలుగు ముఖంతో. ఆ ముఖం చూస్తే ఒక్క క్షణం తల ఊపేద్దామనిపించింది. కానీ నా చేతిలో మా పాప చెయ్యి ఉంది. అదీ వింటోంది. రేపు దాని గురించి కూడా ఎవరో, ఏం చెయ్యది, ఇంట్లనే ఉంటది అంటారు.

“కాదు సారక్కా,” అన్నాను. “వంటపనికి పోతున్నడు. వంట, ఇంటిపని, ముసలోళ్ల సేవ. పదేండ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్నది. నాకు గూడ ఉన్నది.”